చెరిపేసిన రెండు సున్నాలు

మా అపార్ట్‌మెంటు గేటు ఒక పక్కకి ఒరిగిపోయిందని మొన్న వెల్డింగు చేసే అతన్ని పిలిపించారు. నేను కరివేపాకు కోసం కిందికి దిగాను. అతను గొంతుక్కూర్చుని రాడ్డు తాకించాడు. చిటపటమంది. "చూడకండి మేడమ్, కళ్లు పోతాయ్!" అని అరిచాడు. ఆ మాట పూర్తయ్యేలోగానే నా ముఖం గోడవైపు తిరిగిపోయింది. నీలం వెలుగు గోడ మీద ఎగిరెగిరి పడుతోంది. కాలిన రాడ్డు వాసన వచ్చింది. అగ్గిపుల్ల గీసినట్టు, వాన పడ్డ తుప్పు రేకులా, కొంచెం మాడిన పాలలా ఉంటుందది. పక్కనున్న వాళ్లంతా ముక్కు మూసుకున్నారు. నేను ముక్కు తెరిచి నోరు మూసుకున్నాను.

నోరు మూసుకోవడం నాకు చిన్నప్పుడే అబ్బిన విద్య. ఎలా అబ్బిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మాది ఉయ్యూరుకీ పామర్రుకీ మధ్య రోడ్డు వార ఊరు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. వారమంతా సుద్దముక్క పట్టుకున్న చెయ్యి శనివారం ఒంటిపూట బడి అవగానే వెల్డింగు రాడ్డు పట్టుకునేది. ఆ పని ఉయ్యూరులో చెరుకు బళ్ల ఇరుసులు బాగుచేసే లేతు షాపులో నేర్చుకున్నాడు. ఆ షాపాయన మొదటిరోజే అడిగాడట.

"మీకెందుకు మాస్టారూ ఈ మసి పని?"

"లెక్క ఎంత బాగా చేసినా చేతికి తగలదయ్యా. ఇది తగులుతుంది."

"తగులుద్ది లెండి, షాకు కొట్టినప్పుడు ఇంకా బాగా తగులుద్ది."

యంత్రం కూడా కొన్నది కాదు. ఒక వేసవి సెలవులంతా వసారాలో కూర్చుని, పాత ఇనప రేకులు దొంతరగా పేర్చి, వాటి చుట్టూ రాగి తీగ చుట్టాడు. చుట్లు లెక్కపెట్టడం నా పని. మధ్యలో ఎవరైనా ముంజలు తెచ్చారంటే నా లెక్క ముంజల్లోకి పోయేది. నాన్న కసురుకునేవాడు కాదు. "ఎక్కడ తప్పావో తెలుసా?" అనేవాడు. తెలీదని తలూపితే మొత్తం తీగ విప్పి మళ్లీ మొదటినుంచి చుట్టేవాడు.

మంట పెంచడానికీ తగ్గించడానికీ ఒక సిమెంటు తొట్టిలో ఉప్పునీళ్లు పోసి, రెండు ఇనప పలకలు వేలాడదీసి, కరెంటుని వాటి గుండా పంపేవాడు. ఉప్పు ఎక్కువేస్తే మంట పెరుగుతుంది, మంచినీళ్లు కలిపితే తగ్గుతుంది. నాయనమ్మకి ఆ తొట్టంటే పడేది కాదు. "కూరలో రవ్వంత ఉప్పు తగ్గితే కంచం నెట్టేస్తాడు, కరెంటుకేమో దోసిళ్లతో పోస్తాడు. వీడికి రుచి నాలిక మీద లేదే, తీగల్లో ఉంది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పెరట్లో ఈ పనికోసం వేసుకున్న రేకుల పాకని నాన్న లేబరేటరీ అనేవాడు. నాయనమ్మ కొలిమి అనేది. అమ్మ మాత్రం "ఆ కొంప" అనేది. అన్నం వేళకి నాన్న కనబడకపోతే "ఆ కొంపలో ఉన్నారేమో చూడవే" అని నన్ను పంపేది. మాకు రెండు కొంపలున్నాయని చిన్నప్పుడు నాకు గొప్పగా ఉండేది.

నాన్న రాడ్డు తాకించగానే వీధిలో ఫ్యాన్లన్నీ నిట్టూర్చేవి. రేడియోలో పాడుతున్నావిడకి ఉన్నట్టుండి జలుబు చేసేది. అప్పుడు గోడ అవతలనుంచి నర్సత్త గొంతు లేచేది. ఆవిడ మా ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. నాన్నని అన్నయ్యగారూ అంటుంది కాబట్టి నాకు అత్త. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆవిడే.

"అన్నయ్యగారూ! ఇంకా ఎంతసేపండీ? నా ఇస్త్రీ పెట్టె చల్లారిపోతోంది!"

"రెండతుకులమ్మా, రెండంటే రెండే!"

"మీ రెండంటే ఇరవై అని నాకు తెలుసులెండి. లెక్కల మాస్టార్ని ఏమంటాం!"

మా ఇంట్లో కొన్న వస్తువులు తక్కువ, అతికిన వస్తువులు ఎక్కువ. గోలెం పెట్టుకునే ముక్కాలిపీట, సైకిలు స్టాండు, కోళ్ల గూడు, దండెం కడ్డీ అన్నీ నాన్న చేతివే. నాయనమ్మ కోసం చేసిన ఊగుడు కుర్చీ మాత్రం ముందుకి ఊగేది కానీ వెనక్కి వచ్చేది కాదు. ఆవిడ అందులో కూర్చుని జపమాల తిప్పే రకం కాదు. ప్రొటెస్టెంటు మనిషి, బైబిలు చదువుకునేది. చదువుతూ చదువుతూ ముందుకి జారిపోతుంటే, "మీ నాన్న నన్ను మోకాళ్ల ప్రార్థనకి దింపుతున్నాడే" అని నన్ను పిలిచేది.

చలికాలం వస్తే మా వైపు గాలి చెమ్మగా ఉంటుంది. వరి కోతలయ్యాక తెల్లవారుజామున పొలాల మీద మంచు దిగేది. ఆ చెమ్మకి రాడ్ల పైపూత మెత్తబడి మంట సరిగ్గా నిలబడేది కాదు. అందుకని నాన్న వాటిని చేటలో పోసి ఎండలో ఆరబెట్టేవాడు. డాబా మీద ఒక చేటలో గుమ్మడి ఒడియాలు, ఒక చేటలో ఊరమిరపకాయలు, ఒక చేటలో రాడ్లు. కాకులు మొదటి రెండింటి జోలికే వచ్చేవి. నేను మూడింటికీ కాపలా. కాకుల వాటాలో కొంత నేనే తినేదాన్ని కాబట్టి, ఆ కాపలా గురించి ఇక్కడ గొప్పలు పోను.

ఒకసారి నాన్న వద్దన్నా రేకు సందులోంచి ఆ వెలుగు చూశాను. సాయంత్రానికి కళ్లలో ఇసక పోసినట్టయింది. ఏడుస్తూ మంచం మీద దొర్లుతుంటే నర్సత్త వచ్చి బంగాళాదుంప చక్రాలు కోసి కళ్ల మీద పెట్టింది. నన్ను తిట్టలేదు, నాన్నని తిట్టింది.

"పిల్లకి ఒక్కసారికే ఇలా అయింది. మీకు నెలకోసారి అవుతోంది. అతుకు మొదటి చుక్క కళ్లకి నల్లద్దం పెట్టుకోకుండానే వేస్తారు, నేను చూడట్లేదనుకోకండి. ఇలాగే చేస్తుంటే ఏదో ఒకరోజు ఈ కళ్లు మీ మాట వినవు మాస్టారూ!"

ఆవిడకి కోపం వస్తే నాన్న అన్నయ్యగారు కాస్తా మాస్టారు అయిపోయేవాడు. నాన్న నవ్వి ఊరుకున్నాడు. కానీ ఆ మాట ఆయన మనసులో దిగబడిందని తర్వాత తెలిసింది.

ఇప్పుడు సున్నాల సంగతి చెప్పాలి. ఏ వస్తువు చేసినా నాన్న ముందు అతుకులన్నిటికీ ఒక్కొక్క చుక్క వేసి నిలబెట్టేవాడు. దాన్ని ట్యాకు అంటారు. వస్తువు ఆకారానికి వస్తుంది గానీ బరువు మొయ్యదు. బట్టకి టాకా వేసినట్టే, అసలు కుట్టు తర్వాత. చుక్క మాత్రమే వేసిన ప్రతి అతుకు చుట్టూ నాన్న బడినుంచి తెచ్చిన అరిగిన సుద్దముక్కతో సున్నా చుట్టేవాడు. తర్వాత ఒక్కొక్కదాన్నీ నిండుగా అతికి, చిన్న సుత్తితో పైన కట్టిన నల్లటి పెచ్చు రాలగొట్టి, వంగి చూసుకుని, బొటనవేలు తడి చేసుకుని ఆ సున్నా చెరిపేవాడు. సున్నా ఉందంటే పని కాలేదు. లేదంటే అయింది. అయినవాటికి ఎర్ర ప్రైమరు రంగు వెయ్యడం నా పని. సున్నా ఉన్నచోట బ్రష్షు తగలకూడదు. ఆ పాకలో ఉన్న చట్టం అదొక్కటే.

"పిల్ల లెక్కల కాగితాల మీదా సున్నాలే, ఇనప సామాను మీదా సున్నాలే. ఇంటినిండా సున్నాలు పెట్టుకున్నాడు" అనేది నాయనమ్మ. నాకు లెక్కల్లో వచ్చిన సున్నాలు కూడా అలా తడివేలితో పోయేవైతే ఎంత బాగుండునో అనుకునేదాన్ని.

నా పన్నెండో ఏట క్రిస్మస్‌కి చర్చి వాళ్లు పాటల బృందం నిలబడ్డానికి మూడు మెట్ల స్టాండు కావాలన్నారు. వెనక వరస వాళ్ల గొంతులు ముందు వరస వాళ్ల కొప్పుల్లో చిక్కుకుపోతున్నాయని నర్సత్త ఫిర్యాదు. నాన్నకి అది పెద్ద గౌరవం. ఇంటి సామాను చెయ్యడం వేరు, పదిమంది ఎక్కి నిలబడేది చెయ్యడం వేరు. కాగితం మీద గీసుకున్నాడు, బరువులు లెక్కేసుకున్నాడు, యాంగిల్ కడ్డీలు కోశాడు. మొత్తం ఇరవై నాలుగు అతుకులు. రెండు శనివారాలు పట్టింది. రెండో శనివారం ఇరవై రెండు అయ్యేసరికి రాడ్లు అయిపోయాయి. మిగిలినవి పై మెట్టు వెనక కాళ్ల దగ్గర రెండు.

"బెజవాడ వెళ్లి రాడ్లు తెచ్చి వచ్చే శనివారం ఈ రెండూ కానిచ్చేస్తాను. నువ్వీలోగా మిగతాదంతా రంగు వేసెయ్యి తల్లీ. ఆ రెండిటి జోలికి మాత్రం వెళ్లకు."

వెళ్లననే అన్నాను. సోమ, మంగళ, బుధవారాలు బడినుంచి రాగానే రంగు వేశాను. ఇంట్లో అచ్చుతో గులాబీ పువ్వులు వేయిస్తున్నారు, కజ్జికాయలు చేస్తున్నారు. నూనె వాసనా రంగు వాసనా కలిసి, ఇప్పటికీ కజ్జికాయ కొరికితే నాకు ప్రైమరు గుర్తొస్తుంది. నన్ను పాటల బృందంలోకి తీసుకోలేదు. "నీ గొంతు దేవుడికిష్టమేనే, మాకే కొంచెం కష్టం" అని నర్సత్త ముద్దుగానే చెప్పింది. అందుకని ఆ స్టాండే నా పాట అయింది. బృందమంతా నా రంగు మీద నిలబడి పాడుతుంది కదా అనుకున్నాను.

గురువారం సాయంత్రం పాస్టరమ్మగారు చూడ్డానికొస్తున్నారని కబురొచ్చింది. నేను పాకలోకి వెళ్లి దూరంగా నిలబడి చూశాను. అంత ఎర్రటి స్టాండుకీ వెనక రెండు చోట్ల తామర వచ్చినట్టు తెల్లటి వలయాలు, మధ్యలో మసి. ఆవిడ సరిగ్గా అవే చూస్తుందనిపించింది. నాన్న బడినుంచి రాలేదు. తడిగుడ్డ తీసుకుని రెండు సున్నాలూ తుడిచేశాను. రంగు వేశాను. ఆరాక ఇంకో పూత వేశాను. శనివారం నాన్న రాడ్లు తెచ్చాక చెప్పొచ్చులే, ఆయనకి గుర్తుంటుందిలే, కాస్త గీకితే పోతుందిలే అనుకున్నాను. నా బాల్యమంతా ఇలాంటి 'లే'ల మీదే నిలబడి ఉంది.

పాస్టరమ్మగారు వచ్చి స్టాండు చుట్టూ తిరిగి, "రంగంతా నువ్వే వేశావా? ఎక్కడా ఒక్క మరక లేదు కదమ్మా!" అన్నారు. అమ్మ ముఖం వెలిగిపోయింది. ఆవిడకి పెట్టిన గులాబీ పువ్వుల పళ్లెంలోంచి నాకూ రెండు ఇచ్చారు. తిన్నాను. బాగున్నాయి. అదే సిగ్గుచేటు, చాలా బాగున్నాయి.

శనివారం నాన్న బెజవాడనుంచి రాడ్ల ప్యాకెట్టు చంకలో పెట్టుకుని వచ్చాడు. లుంగీ కట్టుకుని పాకలోకి వెళ్లి స్టాండు వెనక వంగి ఆగిపోయాడు.

"ఇక్కడ రెండు సున్నాలు పెట్టాను కదే?"

ఆయన గొంతులో కోపం లేదు. చాక్‌పీసు ఎక్కడ పెట్టానబ్బా అని వెతుక్కునేవాడిలా అడిగాడు. ఒక్క నిజం చెబితే సరిపోయేది. మహా అయితే ఒక మొట్టికాయ పడేది, ఆ రెండు పూతలూ గీకాల్సొచ్చేది, నేను రంగు వెయ్యడంలో ఆరితేరిన దాన్నని రెండు రోజులుగా ఇంట్లో నడుస్తున్న కథ ఆగిపోయేది. ఆ కథ ఆగిపోవడం నాకిష్టం లేకపోయింది.

"లేవు నాన్నా" అన్నాను. "చూసే వేశాను."

"లేవా?" కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "మరైతే ఈ రాడ్లు దేనికి తెచ్చానూ?"

గుమ్మంలోంచి అమ్మ నవ్వింది. "అయిపోయిన పనికి బస్సెక్కి బెజవాడ వెళ్లొచ్చారన్నమాట! సోమవారం బడికెళ్లి, మొన్న చెప్పిన లెక్కే మళ్లీ చెప్పకండి."

నాన్న కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు వేడెక్కుతాయి. అప్పుడు నాన్న పై మెట్టెక్కి నిలబడ్డాడు. కాళ్లు ఎడంగా పెట్టి రెండుసార్లు గట్టిగా తొక్కాడు. కదల్లేదు. నా గుండెలోంచి పెద్ద బరువు దిగిపోయింది. చుక్క కూడా ఒక మనిషిని మోస్తుందని అప్పుడు నాకు తెలీదు. నేను చేసింది తప్పు కాదని ఆ స్టాండే సాక్ష్యం చెప్పిందనుకున్నాను.

క్రిస్మస్ పొద్దున చర్చి నిండిపోయింది. రంగుకాగితాల గొలుసులు, కొత్తబట్టల గంజి వాసన, బయట చెప్పుల గుట్టలు. స్టాండు మీద తెల్లటి గుడ్డ పరిచారు కాబట్టి నా రంగు ఎవరికీ కనబడలేదు. పై మెట్టు మీద అయిదుగురు, చివరన నర్సత్త. రెండు పాటలు బాగా సాగాయి. మూడో పాటలో చప్పట్లు కొడుతూ అందరూ ఒక్కసారి ఒక పక్కకి ఊగారు. టక్కుమని ఒక శబ్దం, వెంటనే ఇంకొకటి. పై మెట్టు వెనక్కి కుంగింది. నలుగురు ముందువాళ్ల మీద పడి నిలదొక్కుకున్నారు. నర్సత్త వెనక్కి పడింది, కుడిచెయ్యి కింద పెట్టి.

ఆవిడ అరుపు కూడా శ్రుతిలోనే ఉందని తర్వాత ఆవిడే చెప్పి నవ్వించేది. ఆ క్షణంలో మాత్రం ఎవరూ నవ్వలేదు. మణికట్టు దగ్గర చెయ్యి వేరే వైపుకి తిరిగి ఉంది. నాన్న అందరికన్నా ముందు పరిగెత్తాడు. తన కండువాతో ఆ చెయ్యి కట్టి, ఎవరిదో జీపులో ఎక్కించి, వెనక్కి వచ్చి స్టాండు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. విరిగిన చోట బొటనవేలితో తడిమాడు. వేలికి ఎర్రరంగు పెచ్చు అంటుకుని వచ్చింది.

"ట్యాకే" అన్నాడు, తనలో తనే. "ఉత్త ట్యాకే ఉంది."

సంఘ పెద్ద ఒకాయన వచ్చి మీద నిలబడ్డాడు. "ఏంటి మాస్టారూ ఇది? ఆడవాళ్లు ఎక్కేదండీ. చూసుకోవద్దా?"

"నాదే తప్పండీ. అతక్కుండానే అతికాననుకుని సున్నా చెరిపేసి ఉంటాను. కళ్లు... ఈమధ్య కళ్లు సరిగ్గా ఆనట్లేదేమో." పక్కనే నేను నిలబడి ఉన్నాను. నా తల మీద చెయ్యి వేసి, "పిల్లదేం లేదు. చెరిపి ఉంటే వెయ్యమన్నాను, వేసింది" అన్నాడు.

ఆ చెయ్యి బరువు నాకిప్పటికీ తెలుసు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. కొత్త గౌను వేసుకున్నాను, అందరూ చూస్తున్నారు, నాలిక అంగిట్లో అతుక్కుపోయింది. మా నాన్న జీవితంలో అంత గట్టిగా ఏదీ అతికి ఉండడు.

ఊరు ఊరుకోదు కదా. "లెక్కల మాస్టారు లెక్క తప్పాడు" అని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు. నర్సత్త మాత్రం కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ, "నా బరువు సంగతి ఒక్కళ్లూ ఎత్తరేంటి? ఆ స్టాండుని అడగండి, అది చెబుతుంది నిజం!" అని నాన్న తరఫున వాదించేది. స్టాండు నిజం చెప్పేసిందనీ, చెప్పనిది నేనేననీ ఆవిడకి తెలీదు. రెండు నెలలు సూది వెయ్యలేకపోయింది. ఆ మణికట్టు తర్వాత కూడా పూర్తిగా తిరగలేదు.

నాన్న బెజవాడలో కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. బస్సులో కంకిపాడు దాటాక నోరు తెరిచాను. "ఏంటే, వాంతొస్తోందా?" అని నా వైపు కిటికీ పూర్తిగా తీశాడు. నోరు మూసుకున్నాను. డాక్టరు దీపం వేసి చూసి, అక్షరాలు చదివించి, "మీ కళ్లకేం మాస్టారూ, నాకన్నా బాగున్నాయి" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇక నేను చెప్పక్కర్లేదనుకున్నాను. బయటికొచ్చి హోటల్లో కూర్చున్నాక నాన్న ఇడ్లీ తుంచుతూ, "కుర్ర డాక్టరు. ఆ అక్షరాలు గుడ్డివాడికైనా కనబడతాయి" అన్నాడు. ఆ ముక్క చట్నీలో ముంచి, "కళ్లు బాగుంటే మరి నా మతి పోతోందన్నమాట" అన్నాడు. తన పళ్లెంలోని మైసూర్ బజ్జీల్లో ఒకటి తీసి నా పళ్లెంలో పెట్టాడు.

అది కూడా తిన్నాను.

నేనొక్కమాట అంటే ఆయన కళ్లూ మతీ రెండూ ఆయనకి తిరిగొచ్చేస్తాయి. ఆ సంగతి నాకు పన్నెండేళ్లప్పుడే స్పష్టంగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే సుఖం నాకు లేదు. ప్రతి శనివారం రేపు చెబుదామనుకునేదాన్ని. ఆదివారం ఆరాధనలో తప్పులు ఒప్పుకునే ప్రార్థన వచ్చేది. అందరితోపాటు గట్టిగా చదివేదాన్ని. అందరి తప్పుల్లో నాది కలిసిపోతుందని నమ్మకం.

వేసవి వచ్చేసరికి నాన్న యంత్రం విప్పేశాడు. తను చుట్టిన తీగంతా తనే విప్పి, ఉండచుట్టి, లేతు షాపాయనకి ఇచ్చేశాడు. ఈసారి చుట్లు లెక్కపెట్టమని నన్నడగలేదు. తొట్టిలో ఉప్పునీళ్లు పారబోసి అమ్మ అందులో బంతి నారు వేసింది. బతకలేదు.

అంతటితో అయిపోతే నా సిగ్గు కొంచెం చిన్నదిగా ఉండేది. నాన్న అనుమానం పాకలోంచి బడికి నడిచింది. నేను తొమ్మిదో తరగతిలో ఆయన క్లాసులోనే కూర్చున్నాను. బోర్డు మీద లెక్క చేసి ఇటు తిరిగేవాడు, ఆగేవాడు, మళ్లీ తిరిగి పైనుంచి కిందిదాకా చూసుకునేవాడు. మళ్లీ చూసుకునేవాడు. వెనక బెంచీ వాళ్లు మోచేతులతో పొడుచుకునేవాళ్లు. "సరిగ్గా ఉందా?" అని ముందు బెంచీ వాళ్లని అడిగేవాడు. ముందు బెంచీలో నేనుండేదాన్ని. "ఉంది సార్" అనేదాన్ని. నాన్నని బళ్లో సార్ అనాలి. "నువ్వంటే ఉన్నట్టే" అని నవ్వి, తుడిచేసి, తర్వాత లెక్కకి వెళ్లేవాడు. పరీక్ష కాగితాలు ఇంటికి తెచ్చి మార్కుల కూడిక నా చేత సరిచూపించేవాడు. లెక్కల్లో నా తెలివి తెలిసిన మనిషి, తనకన్నా నన్ను నమ్మడం మొదలుపెట్టాడు.

ఏళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, బెజవాడలో కాపురం పెట్టాను. అమ్మ పోయాక నాన్న నా దగ్గరికొచ్చేశాడు. డెబ్బై దాటాక ఆయనకి శుక్లాలు వచ్చాయి. ఆ వయసులో అందరికీ వచ్చేవే. ఆపరేషనయ్యాక నల్లద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చుని, "చూశావా, అప్పటినుంచే ఉంది ఇది. ఆ కుర్ర డాక్టరు కనిపెట్టలేకపోయాడు" అన్నాడు, ఏదో కేసు గెలిచినవాడిలా.

ఇక ఆగలేకపోయాను. "నాన్నా, ఆ రెండు సున్నాలు నువ్వు చెరపలేదు. నేను తడిగుడ్డతో తుడిచేశాను. నువ్వడిగితే లేవని అబద్ధం చెప్పాను. నీ కళ్లకి ఏమీ కాలేదు."

ఆయన నల్లద్దాలు నా వైపు తిరిగాయి. మెల్లగా నవ్వాడు.

"ఎంత మంచిదానివే నువ్వు."

"మంచి కాదు నాన్నా, నిజం."

"నిజమే, నిజమే. ఇన్నేళ్లకి నా తప్పు నీ మీద వేసుకుందామని బుద్ధి పుట్టింది చూడు. మీ అమ్మ ఉంటే సంతోషించేది."

"బైబిలు మీద ప్రమాణం చేసి చెప్పనా?"

"ఛ, ఛ! అబద్ధానికి బైబిలెందుకే? చాల్లే. నాకు అర్థమైంది." తడుముకుంటూ నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ రోజు నువ్వు లేవన్నావు, నాకు బాగా గుర్తుంది. చిన్నపిల్లవి, అబద్ధం చెప్పడం నీకేం తెలుసు?"

ఆ వారంలోనే నర్సత్త చూడ్డానికొచ్చింది. ముసలిదైపోయింది, గొంతు మాత్రం అదే. నాన్న ఆవిడకి ఆ కథంతా చెప్పాడు, నన్ను పొగుడుతూ. ఆవిడ నవ్వుతూ విన్నది. తర్వాత నన్ను వంటింట్లోకి రమ్మంది. నేను కాఫీ కలుపుతుంటే గుమ్మానికి ఆనుకుని నిలబడి, ఎడమచేత్తో కుడి మణికట్టు నిమురుకుంటూ నా ముఖంలోకి చూసింది.

"నిజంగా నువ్వేనా?"

తలూపాను.

"నా చెయ్యి సంగతి వదిలెయ్యి. దానికి నా బరువు ఎప్పుడూ ఎక్కువే." కప్పు అందుకుంది. "అప్పుడే చెప్పుంటే నమ్మేవాడే పిచ్చిమొహమా. అన్నయ్యగారు నాలుగు రోజులు అలిగేవారు, అయిదో రోజుకి మళ్లీ నా ఇస్త్రీ పెట్టె చల్లార్చేవారు."

అంతే అంది. ఆ తర్వాత ఆవిడా ఎక్కువ రోజులు లేదు.

నాన్న ఆ కథ వదల్లేదు. పాలబ్బాయికి చెప్పాడు, మా ఆయన ఆఫీసు వాళ్లకి చెప్పాడు, పక్క ఫ్లాటు వాళ్లకి రెండుసార్లు చెప్పాడు. "మా అమ్మాయి ఎలాంటిదంటే..." అని మొదలుపెట్టేవాడు. నేను ట్రే పట్టుకుని నిలబడి తల దించుకునేదాన్ని. వినయం అనుకునేవాళ్లు.

నాన్న పోయినప్పుడు సమాధి కార్యక్రమంలో పాస్టరుగారు ప్రసంగం చేస్తూ ఆ కథే ఎత్తుకున్నారు. నాన్న ఆయనకీ చెప్పి ఉంచాడు. తండ్రి పరువు కోసం, చెయ్యని తప్పు తన నెత్తిన వేసుకున్న కూతురని, ఇలాంటి ప్రేమ ఈ రోజుల్లో ఎక్కడుందని అన్నారు. జనం తలలు నా వైపు తిరిగాయి. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. లేచి నిలబడి, కాదండీ, అది నేనే అనొచ్చు. అన్నా ఎవరూ నమ్మరు, ఇంకో రెండు కన్నీళ్లు ఎక్కువ కారుస్తారు. అనలేదు. నా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

మా ఊళ్లో ఆ సంగతి ఎరిగినవాళ్లు ఇప్పుడెవరూ లేరు. మీరు మా నాన్నని చూడలేదు. నేను మంచిదాన్ననుకోవాల్సిన అవసరం మీకు లేదు. అందుకే మీకు చెబుతున్నాను, మీరైనా నమ్మండి: మా నాన్న ఆ రెండతుకులనీ మర్చిపోలేదు. వాటికోసమే రాడ్లు తెచ్చుకున్నాడు. ఆయన కళ్లకి ఏమీ కాలేదు.